నలభై ఒక్కమందికి ఒక టీషర్టు

టీచరమ్మకు కోపం రాదు. ఆమె వాటా కూడా కలిపి దేవుడు నాకే ఇచ్చాడని మా ఆయన అంటాడు. అందుకే ఆమె చెప్పుకోని సంగతి నేను చెబుతున్నాను. లైబ్రరీ ఎదురుగా కుట్టుమిషను పెట్టుకున్నది నేనే. ఆ లైబ్రరీ మేడ మీద గదిలో ప్రతి ఆదివారం పది నుంచి ఒంటిగంట దాకా టీచరమ్మ నడిపే కంప్యూటరు సంఘంలో నేనూ ఒక సభ్యురాలిని. కాదట. ఒక పెద్ద కంపెనీ లెక్కల ప్రకారం నేను లేనే లేనట. మా అత్తగారూ లేదట. ఆవిడ లేదని ఎవరైనా మా ఇంటికొచ్చి చెప్పమనండి చూద్దాం!

టీచరమ్మ ముప్పై ఏళ్ళు టైపు నేర్పింది. బస్టాండు వెనక సందులో పద్నాలుగు మిషన్లు, చెక్క బల్లలు, గోడకు పెద్ద గడియారం. ఆ మిషన్లను పాత ఇనుముకు తూచి అమ్మేసిన రోజున యజమాని ఆమెను కూడా ఇంటికి పంపించేశాడు. అప్పటికి ఆమెకు యాభై రెండేళ్ళు. ఇంకొకరైతే ఇంట్లో కూర్చుని టీవీ చూసేవాళ్ళు. ఈమె కంప్యూటరు పుస్తకం ఒక పక్క, డిక్షనరీ ఇంకో పక్క పెట్టుకుని ఎనిమిది నెలలు కుస్తీ పట్టింది. అర్థమైన ప్రతి పేజీనీ తెలుగులో నోటుబుక్కులో రాసుకుంది.

నేర్చుకున్నది దాచుకోవడం ఆమెకు చేతకాదు. లైబ్రరీ వాళ్ళను బతిమాలి పాత పేపర్లు పడేసే గది సంపాదించింది. ఆఫీసులు వద్దనుకున్న కంప్యూటర్లు ఏడు పోగుచేసింది. అందులో ఒకటి నెత్తిన మొట్టికాయ వేస్తేగానీ లేవదు. పదకొండేళ్ళుగా అక్కడ ఫీజు లేదు, జీతం లేదు, తలుపు మీద బోర్డయినా లేదు. పాల డిపో అతను వస్తాడు, స్కూలు ఆయా వస్తుంది, ప్లంబరు వస్తాడు, మా అత్తగారు కళ్ళజోడు, మంచినీళ్ళ సీసా పట్టుకుని అందరికంటే ముందు వస్తుంది. టీచరమ్మ భర్త రిటైరైన బస్సు కండక్టరు. మా అందరికీ బాబాయ్. కుర్చీలు వేసేదీ, చిన్న పుస్తకంలో తలలు లెక్కపెట్టి రాసేదీ ఆయనే. ఆ ఒక్క పనీ ఎవరికీ ఇవ్వడు.

టైపు టీచరు కదా, ఏ పాఠమైనా మూడుసార్లు గట్టిగా చెప్పించడం ఆమెకు అలవాటు. మొదటి పాఠం అందరికీ ఒకటే. "అడిగినవాడికల్లా ఫోన్ నంబరు ఇవ్వకూడదు. అడిగినవాడికల్లా..." అరవై ఎనిమిదేళ్ళ మా అత్తగారు ఆ పాఠాన్ని ఎంత బాగా వంటపట్టించుకుందంటే, సొంత కొడుకు అడిగినా నంబరు చెప్పదు.

ఇక మా సంఘంలో ఉన్న ఆపరేటరు అన్నయ్య సంగతి. ఆయనకు పుట్టుకతో చూపు లేదు. పెద్దాసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా టెలిఫోను బోర్డు దగ్గర కూర్చుంటున్నాడు. ఏ వార్డుకు ఏ నంబరో ఆయనకు కంఠతా వచ్చు. ఫోన్ చేసినవాళ్ళను నిమిషం మించి ఆపకూడదని ఆయన పట్టుదల. "ఆసుపత్రికి ఊసుపోక ఎవరూ ఫోన్ చెయ్యరు చెల్లెమ్మా" అంటాడు.

ఈ ఏడాది ఆసుపత్రి వాళ్ళు ఆ బోర్డు పీకేసి కంప్యూటరు పెట్టారు. తెర చూసి లైను కలపాలి. తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఉంటే ఆయన పని ఆయన చేసుకోగలడు. ఊరికే దొరికేవి మూడు పెట్టి చూశాం. మిగతా అన్నిచోట్లా బాగానే చదివి, ఆ బోర్డు దగ్గరికి వచ్చేసరికి మూగబోయాయి. అక్కడ పలికేది ఒక్క కంపెనీదే. దాని ధర మేమందరం కలిసినా అందుకునేది కాదు. టీచరమ్మ కుస్తీ పట్టిన పుస్తకమూ, ఆమె మాకు నేర్పే సాఫ్ట్‌వేరూ ఆ కంపెనీవే. ఆసుపత్రి వాళ్ళేమో, "మీకు కావాల్సింది మీరే తెచ్చుకోండి. నెలాఖరు శుక్రవారం పరీక్ష పెడతాం. చేసి చూపిస్తే కుర్చీ మీది, లేదంటే స్టోరు గదిలో కూర్చోండి" అన్నారు.

"స్టోరులో పనేంటి అన్నయ్యా?" అని అడిగాను.

"ఏమీ లేదమ్మా. జీతమిచ్చి మూల కూర్చోబెడతారు. పనిలేని కుర్చీలో పదేళ్ళు కూర్చోవాలంటే నాకు భయంగా ఉంది."

ఆ మాట విన్న రాత్రి నాకు అన్నం సయించలేదు.

వెతగ్గా వెతగ్గా టీచరమ్మకు ఆ కంపెనీ సైటులోనే ఒక పేజీ కనబడింది. జీతం భత్యం లేకుండా నడిచే కంప్యూటరు సంఘాలకు తాము అండగా ఉంటామని అందులో కొండంత రాగం తీశారు. ఉచితంగా ఐదు లైసెన్సులు, పుస్తకాలు, ఏడాదికోసారి ఉపన్యాసం ఇచ్చే మనిషి, టీషర్టులు. సంఘంలో ఇరవైమంది ఉంటే చాలు, ఎవరి ఫారం వాళ్ళు నింపాలి. మేం నలభై ఒక్కమందిమి! ఆ ఆదివారం ఫారం నింపడమే పాఠం. ఏడు కంప్యూటర్ల ముందు వరసలు కట్టి ఒక్కొక్కరం కూర్చుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ నింపాం.

తప్పు జరిగింది అక్కడే. ఫోన్ నంబరు అని రాసిన గడి దగ్గరికి రాగానే మా అత్తగారు చేతులు వెనక్కి తీసేసుకుంది. "ఇవ్వకూడదు కదా టీచరమ్మా?" అంది. నిజమే కదా అని గదంతా ఆగిపోయింది. మూడుసార్లు చెప్పించిన పాఠం మరి. టీచరమ్మ నవ్వి, "భయమైతే నా నంబరు వెయ్యండి" అంది. ఆమె ఒకరికన్న మాట నలభై మందికీ పాకింది. నంబరు సరిచూసే కోడు వచ్చిన ప్రతిసారీ ఆమె ఫోన్ మోగుతూనే ఉంది, ఆమె ఓపిగ్గా అంకెలు చదువుతూనే ఉంది. కంప్యూటరు కూడా మారు మాట్లాడకుండా అన్నీ పుచ్చుకుంది.

పన్నెండు రోజులకు ఒక అట్టపెట్టె వచ్చింది. బాబాయ్ ఒక్కడే ఎత్తలేనంత వెడల్పు. పట్టుకుంటే దూది మూటంత తేలిక. పాల డిపో అతను కత్తితో కోశాడు. గాలి నింపిన ప్లాస్టిక్ సంచులు తీస్తూ పోతే అడుగున ఒక టీషర్టు, ఒక పెన్ను, "స్వాగతం" అని ఒక చీటీ. కొండను తవ్వి ఎలుకను పట్టామంటే ఇదే! ఆ టీషర్టు ఎవరి కొలతో గానీ, మా ఆయన, నేను ఇద్దరం దూరినా ఇంకా చోటుంటుంది.

"మిగతావి ఏవి?" అంది మా అత్తగారు పెట్టెను తలకిందులు చేసి.

సోమవారం టీచరమ్మ నా కొట్లో కూర్చుని కంపెనీకి ఫోన్ చేసింది. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అంటూ పాట పెట్టారు. నేను రెండు జాకెట్లకు హుక్కులు కుట్టేశాను, పాట ఆగలేదు. నలభై ఏడు నిమిషాలకు ఒక అమ్మాయి పలికింది. ఒకే నంబరుతో వచ్చిన ఫారాలన్నీ ఒకే మనిషివిగా కలిసిపోయాయట. మా సంఘంలో సభ్యులు ఒక్కరేనట. లైసెన్సులు రావట. మళ్ళీ సరిచూడాలంటే ఇరవై ఒక్క పనిదినాలు పడుతుందట. శుక్రవారానికి నాలుగు రోజులే ఉంది.

"తప్పు నాదేనమ్మాయ్. నేనే ఆ నంబరు వెయ్యమన్నాను" అంది టీచరమ్మ ఫోన్ పెట్టేసి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరిదమ్మా తప్పు? మోసపోకండి అని మనుషులకు నేర్పడం తప్పా? నేర్పింది నేర్చుకోవడం మా తప్పా? పుచ్చుకునేటప్పుడు నలభై ఒక్కసార్లు పుచ్చుకుని, పెట్టేటప్పుడు ఒక్కటని లెక్కవేసే వాళ్ళది కాదా తప్పు? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా!

బాబాయ్ విని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "నలభై మందిని ఎక్కించుకుని ఒక టిక్కెట్టు కొడితే ఆ సాయంత్రమే నా ఉద్యోగం ఊడేది! వీళ్ళనేమో పెద్ద కంపెనీ అంటారా?" అంటూ తన చిన్న పుస్తకం తీసుకుని చెప్పులేసుకున్నాడు. ఎక్కడికో ఆయనకూ తెలియదు.

తెలిసింది ఆపరేటరు అన్నయ్యకు. "ఈసారి ఫోన్ నన్ను చెయ్యనివ్వండి. ఆ గొంతు ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటే ఏమీ నొక్కకండి. ఏమీ నొక్కని వాళ్ళ కోసం చివర్లో ఒక మనిషిని పెట్టి తీరాలి" అన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ అందరం లైబ్రరీ మేడ ఎక్కాం. ముప్పై ఎనిమిది మంది వచ్చారు. ఆయా స్కూలు గంట కొట్టేసి పరుగున వచ్చింది. అన్నయ్య ఫోన్‌ను బల్ల మీద పెట్టి స్పీకరు వేశాడు. ఏమీ నొక్కలేదు. మిషను గొంతు మూడుసార్లు చెప్పి విసిగిపోయాక, కంపెనీ ఆపరేటరు పలికింది.

"తల్లీ, నేనూ మీ పని చేసేవాణ్ణే. ఆసుపత్రి బోర్డు. నా కుర్చీ పోయేలా ఉంది. ఈ పథకం చూసే ఆయనకు నేరుగా కలపండమ్మా" అన్నాడు.

ఆవిడ వెంటనే, "కలుపుతున్నానన్నా" అంది. ఆ కంపెనీలో మేం విన్న మొదటి మనిషి మాట అదే.

మేనేజరు లైన్లోకి వచ్చాడు. అంతా విన్నాడు. "మేడమ్, మీరు చెప్పేది నేను నమ్ముతాను. కానీ మా సిస్టమ్‌లో మీరు ఒక్కరే కనబడుతున్నారు" అన్నాడు.

"కనబడకపోతే వినబడతాం, వినండి" అని బాబాయ్ పుస్తకం తెరిచి హాజరు పిలవడం మొదలుపెట్టాడు. "పాల డిపో!"

"ఉన్నాను."

"కుట్టుమిషను!"

"ఉన్నాను!" అని అరిచాను. ఫోన్ అదిరే ఉంటుంది.

"ప్లంబరు! ఆయా!" ఒక్కొక్కరే లేచి నిలబడి చెప్పారు. మా అత్తగారు ఫోన్ దగ్గరికంటా వెళ్ళి, "ఉన్నాను నాయనా. నిక్షేపంగా ఉన్నాను. నంబరు మాత్రం ఇవ్వను" అంది. అవతల ఎవరో నవ్వు ఆపుకున్న చప్పుడయింది. ముప్పై ఎనిమిదో గొంతు కూడా అయ్యాక బాబాయ్ పుస్తకం మూశాడు. "ముగ్గురు రాలేదు. రాలేదని నిజం చెబుతున్నాను. నా లెక్క ఎప్పుడూ తప్పలేదు" అన్నాడు.

"చాలా సంతోషం సార్. కానీ రూలు..." అన్నాడు మేనేజరు.

అప్పుడు మొదటిసారి టీచరమ్మ గొంతు పెరిగింది.

"ఆగు బాబూ. పదకొండేళ్ళుగా మీ సరుకు ఎలా వాడాలో మీ జీతం తీసుకోకుండా నేర్పుతున్నాను. మీ పుస్తకంలో అర్థం కాని పేజీలన్నీ తెలుగులో రాసి పెట్టాను. వాటిని మీవాళ్ళు అడిగి తీసుకుని మీ సైటులో పెట్టుకున్నారు. ఇవాళ్టికీ ఉన్నాయి, తెరిచి చూసుకో. అప్పుడు నా వెనక ఎంతమంది ఉన్నారని అడిగారా? మీరు మాకిచ్చేది దానం అనుకుంటున్నారేమో. ఎవరు ఎవరికి పెడుతున్నారు ఇక్కడ? ఈయన ఇరవై రెండేళ్ళు ఎవరినీ నిమిషం మించి ఆపలేదు. మీరు నన్ను నలభై ఏడు నిమిషాలు ఆపి, మేం లేమని చెప్పారు!"

నాకు ఏడుపొచ్చింది, ఆ కోపం ఇన్నేళ్ళు ఎక్కడ దాచుకుందో.

మేనేజరు గొంతు తగ్గించాడు. "ఐదు ఇవ్వలేను మేడమ్. నా చేతిలో ఉన్నంతలో ఒక్కటి ఇస్తాను. మీ పేరు మీదే, ఒక్క సభ్యురాలిగా."

ఒక్కటి! ముప్పై ఎనిమిది గొంతులు విన్నాక కూడా ఒక్కటి! అక్కర్లేదు పొమ్మని నేను నోరు తెరిచేలోపు టీచరమ్మ నా చెయ్యి పట్టుకుంది. అన్నయ్య ముఖం వైపు చూసి, "ఇవ్వండి" అంది. తన పరువు కంటే ఆయన కుర్చీ ముఖ్యమని తేల్చుకోవడానికి ఆమెకు రెప్పపాటు కూడా పట్టలేదు.

ఆ సాయంత్రానికి లైసెన్సు వచ్చింది. బుధ, గురు వారాలు అన్నయ్య డ్యూటీ దిగాక ఆయనా, టీచరమ్మా ఆసుపత్రి బోర్డు ముందు కూర్చున్నారు. శుక్రవారం పరీక్షలో ఆయన ఇరవై ఫోన్లు ఇరవైచోట్ల కలిపాడు, ఒక్కటీ తప్పలేదు. కుర్చీ ఆయనకే ఉంచారు.

ఇక్కడితో అయిపోతే నేను కూడా ఊరుకునేదాన్ని. రెండు వారాలకు ఆ కంపెనీ ప్రచారం చూసేవాడు ఏకంగా ఆసుపత్రికే ఫోన్ చేశాడు. ఎత్తింది అన్నయ్యే. తమ సాఫ్ట్‌వేరు ఒక అంధుడి ఉద్యోగం కాపాడిందట, ఆ టీషర్టు వేసుకుని ఒక ఫొటో దిగితే లోకానికి చూపించుకుంటారట. ఆదివారం మేడ మీద ఆ ముక్క చెబుతుంటే నాకు ఒళ్ళు భగ్గుమంది. అప్పటికే ఆ టీషర్టును కత్తిరించి మొట్టికాయల కంప్యూటరుకు దుమ్ము పట్టకుండా గలీబు కుట్టేశాను, అది వేరే సంగతి.

"ఏమన్నావన్నయ్యా? నాలుగు కడిగావా లేదా?"

"నేనెందుకు కడుగుతాను చెల్లెమ్మా? డ్యూటీలో ఉన్నాను. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం, లైన్లో ఉండండి అన్నాను. రోగుల వాళ్ళ ఫోన్లు వస్తున్నాయి కదా, వాటిని కలుపుకుంటూ పోయాను."

"ఎంతసేపు ఆపావు?"

అన్నయ్య టీచరమ్మ కూర్చున్న వైపు ముఖం తిప్పాడు.

"నలభై ఏడో నిమిషంలో ఆయనే పెట్టేశాడు" అన్నాడు.

టీచరమ్మ మందలిస్తుందేమోనని చూశాను. ఆమె గలీబు తీసి కంప్యూటరు నెత్తిన మొట్టికాయ వేసింది. బాబాయ్ తన చిన్న పుస్తకం తీసి, ఆ రోజు తేదీ కింద ఎంతమందిమి వచ్చామో లెక్కపెట్టి రాసుకున్నాడు. నలభై ఒక్కమందిమీ ఉన్నాం.