లావు టైపు చేసిన పని

నవ్వకండేం! నవ్వితే చెప్పను. పోయిన ఆదివారం పెదపాడులో ఓ ప్రార్థన కూడికకి జనం చాపలు చంకన పెట్టుకుని వచ్చారంటే, ఆ పాపం నాదే.

మన ప్రెస్సుకి మద్రాసు నుంచి కొత్త టైపు, అదేనండీ సీసపు అచ్చక్షరాలు, తెప్పించానని తెలుసుగా. ఇంగ్లీషు అక్షరాల చివర్లో చిన్న చిన్న పాదాలుంటాయి చూడండి, అవి తీసేసి మొద్దుగా పోస్తున్నారిప్పుడు. ఆ పద్ధతిలోనే తెలుగు. గీతంతా ఒకటే మందం. అబ్బ, ఏం అక్షరమండీ! కాలవకి ఈ గట్టున అంటిస్తే ఆ గట్టు మీంచి చదవొచ్చు. ఏలూరుకి ఏ డ్రామా కంపెనీ వచ్చినా అదే కావాలంది. మూడు నెలలు డ్రామా నోటీసులు తప్ప దాంతో ఇంకోటి వెయ్యలేదు నేను.

అప్పుడొచ్చారండీ ఆ మేష్టారు. పెదపాడు మిషన్ బళ్ళో పనిచేస్తారు. భార్య పోయి ఏడాదవుతోందట. ఆవిడా ఆ బళ్ళోనే టీచరు.

“ఆవిడ కోసం ప్రార్థన పెడుతున్నాను, చిన్న నోటీసు వెయ్యండి. ఎవరైనా వస్తారో రారో. ఆవిడ ఎవరితోనూ అంతగా కలిసేది కాదండీ,” అన్నారు.

నాకు జాలేసింది. పాపం, ఎవరూ రాకపోతే ఆయనేమైపోతారు? లావు టైపు తీశాను. ఇంతింత అక్షరాలు! ఆయనకి చూపించనైనా లేదు. పడవల రేవుల్లో నేనే అంటించి వచ్చాను.

ఆదివారం సాయంత్రం వెళ్దును కదా, కొల్లేటి లంకల నుంచి పడవలకి పడవలే! చాపలు, వేయించిన వేరుశెనక్కాయలు. చదువు రానివాళ్ళు కూడా నోటీసు చదువుతారండీ. అక్షరాల లావు చూసి డ్రామా అనుకున్నారు! ముందు చోటు కోసం ఒకటే తోపులాట. “ఏవండీ, తెర ఎక్కడ కడతారు?” అని ఒకాయన మేష్టారినే అడిగాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

మేష్టారు మెల్లిగా లేచారు. “నాటకం లేదండీ. మా ఆవిడ కోసం ప్రార్థన. వెళ్ళేవాళ్ళు వెళ్ళొచ్చు.”

ఒక్కరూ కదల్లేదు. తలపాగాలు తీసి చాపల మీద కూచున్నారు. ఓ ముసలమ్మ, ముందు పెట్టిన ఆవిడ ఫొటో దగ్గరికెళ్ళి చూసి, “మా మనవరాలికి అక్షరాలు దిద్దబెట్టింది ఈ తల్లేనండీ! పోయిందని మాకెవరూ చెప్పలేదే!” అని భోరుమంది. తర్వాత ఇంకొకామె లేచింది. ఆ తర్వాత ఇంకొకాయన. మేష్టారు కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి వింటున్నారు.

వచ్చేసేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నారు. “పదిమందైనా రారనుకున్నానండీ. మీ దయ.” చెయ్యి వదిలి, “కానీ అండీ, ఆవిడ బతికుండగా ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడలేదు,” అన్నారు.

అంతే. కోప్పడినా బాగుండును. అక్షరానికీ ఓ గొంతుంటుందని, ఇన్నేళ్ళు టైపు పేర్చి నాకు ఆవేళ తెలిసింది. సిగ్గేసిందండీ.

మర్నాడు పొద్దున్నే, క్షమించమని ఆయనకో కార్డు నా చేత్తోనే పేర్చి, అచ్చు వేసి, ముందు మా ఇంటికి పట్టుకెళ్ళాను. మా ఆవిడకి చదువు రాదు. గుమ్మంలోంచే చూసి అడిగింది:

“ఏవండీ, ఈ డ్రామా ఎప్పుడు?”