రెండో బటన్

ప్రెస్సులో మా తోడల్లుణ్ణి అందరూ రెప్పపాటు అని పిలిచేవారు. కాగితాలు కోసే మిషన్ మీద అతనిది అంత జోరు. ఉదయం అతను కోసిన కట్టకి, తాను రెండు ముక్కలైన సంగతి మధ్యాహ్నం భోజనాల వేళకి గానీ తెలిసేది కాదు. నమ్మకపోతే ఆ కట్టనే అడగండి.

ఆ మిషన్‌కి రెండు బటన్లు, బాగా ఎడంగా ఉంటాయి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కి పట్టుకుంటేనే కత్తి కిందికి దిగుతుంది. చేతులు బటన్ల మీదుంటే కత్తి కింద ఉండవు కదా! కానీ అలా చేస్తే పని తెమలదు. అందుకని అక్కడ అందరూ ఎడమ బటన్ లోపలికి నొక్కి, సందులో ఓ చెక్కముక్క దోపేవారు. కుడిచేత్తో రెండో బటన్ నొక్కుతూ, ఎడమచేత్తో కాగితం సర్దేవారు. ఫోర్‌మన్ చూసీ చూడనట్టుండేవాడు. పని ఆలస్యమైతే మాత్రం, "ఏం, చెక్క అరిగిపోయిందా?" అని దెప్పేవాడు.

ఒకరోజు ఆ కత్తి రెప్పపాటు ఎడమచేతి వేళ్ళు రెండు తీసుకుంది.

విచారణలో యజమాని ఆ చెక్కముక్కని ప్లాస్టిక్ కవరులో పెట్టి, చచ్చిన పాముని చూపినట్టు అందరికీ చూపించాడు.

"ఇది పెట్టిందెవరు?"

"నేనేనండీ," అన్నాడు రెప్పపాటు.

తప్పు ఒప్పుకుంటే సగం శిక్ష తగ్గుతుందని మా కాన్వెంటులో సిస్టర్లు చెప్పేవారు. పాపం, వాళ్ళెప్పుడూ ప్రెస్సులో పనిచేయలేదు. నేరమంతా అతనిదేనని తేల్చారు. దయతలచి, గేటు దగ్గర కాపలాకి స్టూలు వేస్తామన్నారు.

ఆసుపత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి రబ్బరు బంతి పిసకమంది, సీసాలో పూసలు వేయమంది.

"హాయిగా గేటు దగ్గర కూర్చోక, ఎందుకు బాబాయ్ ఈ తంటా?" అంది.

"కూర్చోడానికి వేళ్ళెందుకమ్మా? నాకు నా మిషన్ కావాలి."

ఇంటికొచ్చాక తన కసరత్తు తనే కనిపెట్టుకున్నాడు. గుమ్మం బయట నిలబడి, ఎడమచేత్తో కాలింగ్ బెల్ నొక్కి పట్టుకోవడం. మా మరదలికి పిచ్చెక్కిపోయింది.

"మీరైనా చెప్పండి బావగారూ! ఎవరో వచ్చారని పొయ్యి దగ్గర్నుంచి పరిగెత్తుకొస్తే ఈయనే. లోపలికెళ్తానో లేదో, మళ్ళీ ఈయనే!"

"పెళ్ళైన కొత్తలో ఎప్పుడొస్తానా అని కిటికీ దగ్గర కాచుక్కూర్చునేది అన్నయ్యా. ఇప్పుడు ఇన్నిసార్లొస్తున్నా విసుగే!" అన్నాడు రెప్పపాటు.

కొన్ని నెలలకి పక్కింటి కుక్క కూడా బెల్ మోగితే మొరగడం మానేసి ఆవలించడం మొదలుపెట్టింది.

మళ్ళీ పనిలోకి వెళ్ళిననాడు నేనూ తోడు వెళ్ళాను. "రెండు చేతులతో రెండు బటన్లూ నొక్కి చూపించు. కత్తి దిగితే మిషన్ నీది, లేకపోతే స్టూలు," అన్నాడు యజమాని.

మిషన్ బటన్ కాలింగ్ బెల్ లాంటిది కాదు, దాని స్ప్రింగు మహా బిగువు. కత్తి సగం దాకా వచ్చింది. ఎడమచెయ్యి జారింది. కత్తి పైకి వెళ్ళిపోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే. మిగిలిన వేళ్ళు తెల్లగా పాలిపోయాయి.

"ఏం రెప్పపాటూ, ఇవాళ రెప్పలు బరువెక్కాయా?" అన్నాడు ఫోర్‌మన్.

వెనక కొయ్యాల్సిన కాగితం నిలువెత్తున పేరుకుపోయి ఉంది. యజమాని దానివంక చూశాడు, గోడ గడియారం వంక చూశాడు. ఫోర్‌మన్ చెవిలో ఏదో చెప్పి, అటు తిరిగి నిలబడ్డాడు. ఫోర్‌మన్ సొరుగు లాగి ప్లాస్టిక్ కవరు తీశాడు. అదే కవరు. అందులో అదే చెక్కముక్క.

"కానీయ్. మేమెవరమూ చూళ్ళేదు."

నేను రెప్పపాటు భుజం పట్టుకున్నాను. "వద్దురా. స్టూలే నయం, పద."

"స్టూలెక్కడానికా అన్నయ్యా, ఇన్నాళ్ళూ బెల్లు కొట్టింది?"

చెక్కముక్క తీసుకుని తనే దోపాడు. కత్తి ఒక్క వేటున దిగింది. "వచ్చేశాడ్రా మన రెప్పపాటు!" అని ఎవరో చప్పట్లు కొట్టారు. అతని ఎడమచెయ్యి అప్పటికే కత్తి కింద కాగితం సర్దుతోంది.

సాయంత్రం నాతోపాటు ఇంటికొచ్చి తలుపు తట్టాడు. మరదలు తలుపు తీసి ఆశ్చర్యపోయింది.

"అదేంటి, బెల్ కొట్టలేదేం?"

"ఇక దాంతో పన్లేదే."

"అంటే మిషన్ ఇచ్చేశారా!" ఆమె మొహం వెలిగిపోయింది. "చూశారా బావగారూ, ఆయన పట్టుదల ఊరికే పోలేదు."

రెప్పపాటు ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.