హైదరాబాద్‌లో మునిగిన మా పంటు

"ఆ రోజుల్లో" అని నేను నోరు తెరిస్తే చాలు, మా ఆవిడ "మీకింకా నలభై నిండలేదండీ, ఏదో ఎడ్లబళ్ళ కాలం సంగతిలా చెప్తారేంటి" అంటుంది. నిజమే, అది మరీ పాత సంగతేం కాదు. సెల్‌ఫోన్లు అందరి జేబుల్లోకీ వచ్చేసేయి. కాకపోతే మావైపు అవి ఇంకా జేబుల్లోనే ఉండేవి. ఎదురుగా ఎవరైనా పాడుతుంటే చప్పట్లు కొట్టడానికి జనానికి రెండు చేతులూ ఖాళీగా దొరికేవి. నేనప్పుడు కొత్తపేటలో ఒక ట్యూషన్ సెంటర్లో పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్తూ, నా మొహంలో హీరో కళ ఉందని నమ్ముతూ బతికేవాణ్ణి. (లెక్కలు బాగానే చెప్పేవాణ్ణి. రెండో విషయంలో మాత్రం నాకు తోడెవరూ లేరు.) ఆ నమ్మకానికి ఎరువు వేసి నీళ్ళు పోసినాయన మా ఇంటర్వెల్ మావయ్య.

ఆయన మా అమ్మకి తమ్ముడు. అమలాపురంలో ఓ పాత సినిమా హాలుకి మేనేజరుగా జీవితమంతా చేసేరు. ఏ కబురు చెబుతున్నా సగంలో ఆపేసి, "ఇక్కడ ఇంటర్వెల్" అని లేచి టీ తాగొచ్చేవారు, అందుకా పేరు. పెళ్ళిచూపుల్లో కూడా అలాగే లేచి వెళ్ళేరని మా అత్తయ్య ఇప్పటికీ చెప్తుంది. ఆ హాలు మూతపడింది. దాన్ని కల్యాణ మండపం చేద్దామని ఓనరుగారి ఆలోచన. ఆ పని మొదలయ్యేదాకా తాళాలు మావయ్య దగ్గరే ఉండేవి. బొమ్మ లేని హాలు ముందు రోజూ మ్యాట్నీ వేళకి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కూచునేవారు. దారినపోయేవాళ్ళు "ఏం ఆడుతోందండీ?" అని వేళాకోళమాడితే, "గాలి ఆడుతోందండి, టిక్కెట్టు లేదు, రండి" అనేవారు నవ్వుతూ. ఆ నవ్వు చూడలేక అత్తయ్య ఆ వీధిలోకి రావడం మానేసింది.

అలాంటి మనిషి ఓ రోజు పొద్దున్నే కొత్తపేట వచ్చి, క్లాసులోంచి నన్ను బయటికి పిలిచి, "అల్లుడూ, సినిమాని స్టేజీ ఎక్కిస్తున్నాను. పాటలతో సహా. నువ్వే హీరోవి" అన్నారు. ఆ సినిమా పేరు నేనిక్కడ చెప్పను. చెబితే మీరు పాట అందుకుంటారు, నా కథ ఆగిపోతుంది. రేవులో పంటు నడిపే కుర్రాడు, అవతలి గట్టు నుంచి రోజూ బడికి దాటే పంతులమ్మ, మధ్యలో గోదావరి, ఆపైన వరద. (పంటు అంటే తెలియనివాళ్ళకి: మనుషుల్నీ మోటారుసైకిళ్ళనీ ఒక్కోసారి గేదెల్నీ కూడా ఏరు దాటించే బల్లపరుపు పడవ.) మా కోనసీమలో ఆ పాటలు రానివాళ్ళు లేరు. అత్తయ్యకి మాత్రం ఈ ఆలోచన నచ్చలేదు. "నాటకాన్ని సినిమా చేస్తారు గానీ, సినిమాని నాటకం చెయ్యడమేంటండీ? వడియాలు పెట్టేక వాటిని మళ్ళీ పిండి చేస్తారా ఎవరైనా?" అంది. "తినేవాళ్ళుంటే చేస్తారే" అన్నారు మావయ్య.

హీరోయిను మా క్వయర్ అక్క. రాజోలు దగ్గర బళ్ళో తెలుగు టీచరు, చర్చి పాటల గుంపులో ఆవిడ పాడితే బయట రోడ్డు మీద సైకిళ్ళు ఆగేవని పేరు. నాకంటే పదేళ్ళు పెద్ద, నాటకంలో నా ప్రియురాలు. పాట నాకు రాదన్న సంగతి మావయ్య ముందే ఆలోచించి పెట్టుకున్నారు: "నువ్వు నోరెంత తక్కువ తెరిస్తే అంత మంచిదిరా. మిగతాది ఆవిడ చూసుకుంటారు." రావులపాలెం అరటిపళ్ళ మార్కెట్టు నుంచి పాత తోపుడుబండి తెచ్చి దానికి అట్టలు కొడితే పంటు తయారైంది. గోదావరికి మా వీధి ఆడవాళ్ళ నీలం చీరలన్నీ అడిగి తెచ్చి కుట్టించేం. మొదటి రోజు, మావయ్య హాల్లోనే, తెర లేచి అటూ ఇటూ నలుగురు పట్టుకుని ఆ చీరల్ని ఊపగానే, జనంలోంచి "అదిగో, ఆ జరీ అంచు అల నాదేనమ్మా!" అని ఒకావిడ అరిచింది. హాలంతా నవ్వింది. ఇంక ఆ నవ్వు ఆగలేదు.

ఆగకపోవడానికి కారణం నేనే. రెండో అంకంలో వరద రాత్రి నేను హీరోయిను చెయ్యి పట్టుకుని, "నిన్ను వదిలి ఈ గట్టున ఎలా బతకను!" అనాలి. చెయ్యి పట్టుకున్నాను. పట్టుకుని, పొరపాటున ఎదురుగా చూసేను. మొదటి వరసలో వాళ్ళాయన చేతులు కట్టుకుని కూచున్నారు. ఆయన పోలీసు డిపార్టుమెంటు. నా నోట్లోంచి "నిన్ను వదిలి ఈ గట్టున ఎలా బతకను, అక్కా!" అని వచ్చేసింది. ముందు నవ్వింది ఆ పోలీసాయనే. తరవాత హాలు పైకప్పు లేచిపోయింది. క్వయర్ అక్క నవ్వాపుకోలేక పాట ఎత్తుకుంది, ఆవిడ గొంతు వణికింది, ఆ వణుకుని జనం ఏడుపని పొరబడి కళ్ళు తుడుచుకున్నారు, ఆ తరవాత పాట అందుకున్నారు. హాలు హాలంతా. ఆవిడ ఆపితే వాళ్ళు పాడేరు, వాళ్ళు ఆపితే ఆవిడ. "ఇంకోసారండీ!" అంటే ఇంకోసారి. మర్నాటి నుంచి ఆ డైలాగు చివర నేను నోరు మూసుకున్నా సరే, జనమే "అక్కా!" అని అరిచేవారు. మామిడికుదురు నుంచీ ఐనవిల్లి నుంచీ ఆటోలు కట్టించుకుని వచ్చేవారు, ఆ ఒక్క మాట అరవడానికి. మావయ్య తలుపు దగ్గర నిలబడి జనాన్ని చూసుకుంటూ, టీ తాగడం కూడా మర్చిపోయేవారు.

అప్పుడొచ్చేరు హైదరాబాద్ నుంచి ఈవెంట్ల ఆయన. అత్తారిల్లు అమలాపురం. చూసి, ఏడ్చి, నవ్వి, మావయ్యని కావిలించుకుని, "ఇది హైదరాబాద్‌లో పడాలి సార్. కూకట్‌పల్లి నిండా మనోళ్ళే. అక్కడ హిట్టయితే వైజాగ్, బెంగుళూరు, ఎక్కడైనా వేసుకోవచ్చు" అన్నారు. అప్పటికే ఓనరుగారు వేసవి వెళ్ళగానే హాలు పగలగొట్టడం మొదలెడతానని చెప్పేసేరు. ఆ రాత్రి భోజనాల దగ్గర మావయ్య, "హాలు పోతే పోనీరా అల్లుడూ. ఊరూరా తిరిగితే మనకి హాలెందుకు?" అన్నారు. అత్తయ్య ఇంకో గరిటె పప్పు వడ్డించి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది. ఆవిడ ఏమీ అనలేదంటే ఆవిడకీ ఆశ పుట్టిందన్నమాట.

హైదరాబాద్ ఆయన మంచి మనిషే, చెడు తలపెట్టలేదు. మా నాటకాన్ని నగరానికి తగ్గట్టు చెయ్యాలనుకున్నారు, అంతే. చీరల గోదావరి తీసేసి వెనకాల పెద్ద ఎల్‌ఈడీ తెర పెట్టించేరు. అందులో నది బ్రహ్మాండంగా పారింది గానీ, దాని వెనక మంచుకొండలు కనబడ్డాయి. "మన గోదావరికి మంచెక్కడిదండీ?" అని మావయ్య అడిగితే, "విజువల్ రిచ్‌గా ఉంటుంది సార్" అన్నారు. "అక్కా" కూడా తీసేసేరు. అది పొరపాటు గదా, ఊళ్ళో చెల్లింది, పెద్ద ఆడిటోరియంలో బావుండదన్నారు. నాకూ అదే సబబనిపించింది. హీరోగా నాకో మర్యాద ఉంటుంది గదా అనుకున్నాను. ఆఖరికి పాటలన్నీ స్టూడియోలో రికార్డు చేయించేరు. స్టేజీ మీద క్వయర్ అక్క పెదాలు కదిపితే చాలు.

"రికార్డు అయితే, జనం ఇంకోసారి అంటే ఎలాగండీ?" అని అడిగింది అక్క.

"ఇంకోసారి ఉండదు మేడమ్. టైమింగ్ అంతా ఫిక్స్."

"ఆయ్" అంది. మావైపు ఆయ్ అంటే సరేనని అర్థం. కానీ ఆయ్‌లలో చాలా రకాలున్నాయి. ఒప్పుకోవడానికో ఆయ్, ఒప్పుకోకపోయినా ఎదుటివాణ్ణి నొప్పించడం ఇష్టంలేక ఇంకో ఆయ్. ఆవిడది ఏ రకమో వినడానికి మాకు తీరిక లేకపోయింది.

ప్రదర్శన రోజు సాయంత్రం ఆడిటోరియం నిండింది. మావయ్య తెర సందులోంచి చూసి, "మనోళ్ళేరా, మొహాలు చూస్తే తెలుస్తోంది" అని మురిసిపోయేరు. తెర లేచింది. మంచుకొండల ముందు నా పంటు, ఇప్పుడది రంగులేసిన కొత్త పంటు, చక్రాల చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. జనం మర్యాదగా చప్పట్లు కొట్టేరు. ఆ తరవాత ఒక్కొక్కటిగా ఫోన్లు లేచేయి. మేం ఆడుతుంటే మమ్మల్ని ఆ చిన్న తెరల్లో చూసుకున్నారు వాళ్ళు. సినిమాని నానా తంటాలు పడి మనుషుల్లోకి తెస్తే, వాళ్ళు మమ్మల్ని మళ్ళీ సినిమాలోకి పంపేసేరు. వరద రాత్రి వచ్చింది. నేను చెయ్యి పట్టుకుని, జీవితంలో మొదటిసారి ఆ డైలాగు తప్పు లేకుండా చెప్పేను. చివర ఎప్పుడూ అరుపు వచ్చే చోట ఏమీ రాలేదు. ఏసీ చప్పుడు వినబడింది. నాకు ఎవరి పెళ్ళికో వెళ్ళి తప్పు పంక్తిలో కూచున్నట్టనిపించింది.

పాట మొదలైంది. అక్క పెదాలు కదిపింది. రెండో చరణం దగ్గర ఆవిడకి నిజంగా దగ్గొచ్చింది, ఏసీ చలి పడలేదు. మొహం పక్కకి తిప్పి దగ్గుతోంది, పాట మాత్రం కమ్మగా సాగిపోతోంది. ఆ సాయంత్రమంతటికీ హాలు నవ్విన నవ్వు అదొక్కటే. అక్క కళ్ళు నావైపు తిరిగేయి. చెయ్యి వదలకుండా నిలబడటం తప్ప నాకేమీ తోచలేదు. ఆవిడ దగ్గు ఆపుకుని, పాట ఎక్కడున్నదో వెతుక్కుని, పెదాలు మళ్ళీ అందులో కలిపింది.

అయిపోయేక జరిగింది ఇంకా బాధ. వరండాలోకి వచ్చేసరికి మనోళ్ళంతా చుట్టూ మూగేరు. "మాది అంబాజీపేటండీ", "మా పుట్టిల్లు ముమ్మిడివరమండీ". ఓ పెద్దాయన అక్క చేతులు పట్టుకుని, లోపల వినిపించిన ఆ పాటే సన్నగా పాడేరు. పక్కన ఇద్దరు ముగ్గురు కలిసేరు. చక్కగా శ్రుతిలో ఉన్నారు కూడా. మావయ్య ఉండబట్టలేక, "మరి లోపల పాడలేదేమండీ, చచ్చేలా ఎదురుచూసేం గదా!" అన్నారు. ఆ పెద్దాయన సిగ్గుపడిపోయి, "పక్కన ఎవరో తెలీనివాళ్ళు కూచున్నారండి. బావుండదు గదండీ" అన్నారు. ఆయన పక్కన కూచున్నావిడ, "అయ్యో, మీరు పాడతారేమోనని నేను చూస్తున్నానండీ" అంది. అందరూ నవ్వేసేరు. మావయ్య ఒక్కరే నవ్వలేదు.

వైజాగూ లేదు, బెంగుళూరూ లేదు. అది సరే, అనుకున్నదే. అనుకోనిది, అమలాపురం కూడా పోయింది. తిరిగొచ్చి మళ్ళీ వేస్తే సగం హాలు ఖాళీ. వచ్చినవాళ్ళు కూడా "హైదరాబాద్‌లో ఆడలేదటగా" అన్న మొహాలతో కూచున్నారు. అదే చీరలు, అదే బండి. నేను "అక్కా" అని కావాలనే అన్నాను. కావాలని అన్నట్టు అందరికీ తెలిసిపోయింది. ఆ తరవాత వేసవి వెళ్ళింది, పలుగులూ పారలూ వచ్చేయి. మావయ్య ఎవర్నీ నిందించలేదు. కాలం చేసే ముందు ఏడాది ఒకే ఒక్కసారి ఆ మాటెత్తేరు: "పంటుని తీసుకెళ్ళేం గానీ అల్లుడూ, ఎక్కండి అని జనాన్ని పిలవడం మర్చిపోయేం. పిలిస్తే ఎక్కేవారురా. ఏ ఊరోళ్ళైనా ఎక్కేవారు." చెప్పి, మిగతాది చెప్పకుండా టీ కోసం లేచి వెళ్ళేరు.

మొన్నీమధ్య రావులపాలెం బస్టాండులో క్వయర్ అక్క కనబడింది. ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్‌గారు, కళ్ళజోడు, చేతిలో పరీక్ష పేపర్ల సంచీ. నా పొట్ట చూసి నవ్వింది, వాళ్ళాయన రిటైరయ్యేరని చెప్పింది. పాడుతున్నారా అని అడిగేను. "ఆదివారాలు, గుంపులో" అంది. తరవాత తనే అంది: "ఆ రోజు దగ్గొచ్చినప్పుడు, ఆ రికార్డు ఆపెయ్యండి, నేనే పాడతాను అని ఒక్క మాట అనాల్సింది తమ్ముడూ. నోటి దాకా వచ్చింది. పెద్ద ఊరు గదా, ఏది బావుంటుందో వాళ్ళకే తెలుస్తుందిలే అనుకున్నాను."

"అని ఉంటే ఆడేదంటారా?"

"ఏమో. పాడేదాన్ని గదా" అంది. రాజోలు బస్సొచ్చింది. సంచీ సర్దుకుని ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపింది.

ఆ బస్టాండులోనే, మేం నాటకంతో హైదరాబాద్ వెళ్ళే రోజున, మొహంలో హీరో కళ ఉందని నమ్మిన ఓ కుర్రాడు బస్సు కిటికీ పక్కన సీటు పట్టుకుని, ఎవరూ చూడకుండా ఓ కాగితమ్ముక్క మీద ఆటోగ్రాఫు పెట్టడం ప్రాక్టీసు చేసేడు. చివరి అక్షరానికి ఓ పెద్ద తోక, తోక కింద రెండు చుక్కలు. చూసి తృప్తి చెందక, మళ్ళీ రాసేడు. వాడిప్పుడు కనబడితే ఏం చెప్పాలా అని ఇంటికొచ్చేదాకా ఆలోచించేను. దిగిపోరా అని చెప్పొచ్చు, దిగడు. చుక్కలు రెండూ వద్దురా, ఒకటి చాలు అని చెప్దామనుకున్నాను. అంతకంటే నాకు చేతయ్యేది ఏమీ లేదు.