ఫ్యాను పెట్టని డంపర్

గుమ్మడిదల దగ్గర ఒక కంకర క్వారీలో నేను మెకానిక్‌గా పనిచేసేవాణ్ణి. అక్కడ పాత డంపర్ నడిపే డ్రైవర్ నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు.

ఎండాకాలం వస్తే ఆ బండికి ఒకటే జబ్బు. రాయి నింపుకుని గుంతలోంచి మనిషి నడకకంటే మెల్లగా పైకెక్కాలి. ప్రతి మలుపులో స్టీరింగ్ చివరిదాకా తిప్పాలి. దాంతో స్టీరింగ్ ఆయిల్ కాగిపోయి నీళ్లలా పలచబడేది, గొట్టాలు ఉబ్బేవి. ఆయిల్ చల్లబడుతుందని, స్క్రాపులో దొరికిన, రేడియేటర్ లాంటి చిన్న ఆయిల్ కూలర్ ఒకటి తెచ్చి బిగించాను.

"తమ్మీ, రోడ్డు మీద ఉరికే బండికైతె గాలి తగుల్తది. గీ గుంతల గాలెక్కడిది?" అన్నాడాయన.

నిజమే. దానికి ఫ్యాను కావాలి. సూపర్‌వైజర్‌ను అడిగితే, "వానలు పడితె అదే సల్లబడ్తది తియ్" అన్నాడు. ఇంకోసారి అడిగాను. మూడోసారి అడగలేదు. డ్రైవరే ప్రతి ట్రిప్పుకూ ఆగి, తాగే నీళ్లలో సగం కూలర్ మీద పోసేవాడు.

ఒక మధ్యాహ్నం ఎత్తు మీద గొట్టం పగిలింది. స్టీరింగ్ బిగుసుకుని డంపర్ గుంతలోకి పడిపోయింది. నేను పరుగెత్తేసరికి ఆయన కాళ్లు క్యాబిన్‌లో నలిగి ఉన్నాయి. "తిప్పిన తమ్మీ, శానా తిప్పిన, తిరగలే" అంటూనే స్పృహ తప్పాడు.

మర్నాడు ఆఫీసులో నా ముందు ఒక కాగితం పెట్టారు. బండి కండిషన్ బాగుంది, డ్రైవర్ అతివేగంగా నడిపాడు అని రాసి ఉంది. ఎత్తెక్కే ఆ బండి పక్కన నడుస్తూ ఆయనతో ఎన్ని కబుర్లు చెప్పానో!

"సంతకం పెట్టు. కూలర్ బిగించింది నువ్వే గదా, లేకుంటె నీ మీదికే వస్తది" అన్నాడు సూపర్‌వైజర్.

పెట్టాను.

కొన్ని నెలల తర్వాత, ఆ సంగతి చెప్పేద్దామని కొల్లూరు కాలనీలో ఆయన ఇంటికి వెళ్లాను. ఆరో అంతస్తు. ఆయన భార్య ఫ్యాక్టరీ డ్యూటీకి పోయింది. మంచం మీంచి కదల్లేని మనిషి నన్ను చూసి నవ్వాడు. నేను నోరు తెరవకముందే ఆయనే అన్నాడు.

"నాకైతె ఆ రోజుది ఏం యాదికి లేదు తమ్మీ. బండి మంచిగనే ఉండెనని నువ్వు సంతకం పెట్టినవంట గద. నువ్వు అబద్ధం రాయవు. నేనే జల్దీ కొట్టిన గావచ్చు."

"కాదన్నా, బండిదే తప్పు" అనాలి. చాయ్ తాగినవా అని అడిగితే, తాగానని చెప్పి మెట్లు దిగాను.

ఇప్పుడు పటాన్‌చెరులో వేరే షెడ్డులో పనిచేస్తున్నాను. కొల్లూరు వైపు బండి ఆగిపోయిందని ఫోనొస్తే ఇంకొకరిని పంపిస్తాను.