మంచుకొండ కనిపించే గది అడిగిన తండ్రి

అది 2023 వేసవి. రాజమండ్రిలో గోదావరి గట్టుకి రెండు వీధుల అవతల నా ట్రావెల్స్ ఆఫీసు. కాశీ యాత్రల నుంచి సింగపూర్ టూర్ల దాకా ఎన్నో ఏళ్ళుగా జనాన్ని పంపుతున్నాను. ఈ పనికి ఓర్పు ఉండాలంటారు. నాకూ ఉంది. కానీ భాస్కరరావు గారి పేరు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

ఆయన కోరుకొండ దగ్గర పెద్ద రైతు, మా పాత కస్టమరు. ఒకరోజు ఒక్కరే వచ్చి, తలుపు సరిగ్గా పడిందో లేదో చూసుకుని మరీ కూర్చున్నారు. కూతురు హారిక కాకినాడలో ఇంజనీరు. తనతో పనిచేసే శ్రీనుని ఇష్టపడింది. శ్రీను వాళ్ళది మొగల్తూరు అవతల సముద్రపొడ్డున చేపలు పట్టే కుటుంబం. తండ్రి లేడు, తల్లి ఎండుచేపలు అమ్మి చదివించింది. అన్నీ విచారించానని, కుర్రాడు బంగారమని ఆయనే చెప్పారు.

"మరింకేంటండి, పెళ్ళి చేసెయ్యండి," అన్నాను.

"నేను నిలబడి చేస్తే మావాళ్ళలో తలెత్తుకోలేనండి. అదే వాళ్ళంతట వాళ్ళు లేచిపోతే నన్నెవరూ ఏమీ అనరు. ఆ ఏర్పాటేదో మీరు చూడండి."

పిల్ల ఎటు వెళ్ళిందో చెప్పమని వచ్చిన తండ్రుల్ని చూశాను కానీ, పిల్ల లేచిపోవడానికి టిక్కెట్లు తీయమన్న తండ్రిని అదే మొదటిసారి చూడటం. నవ్వొచ్చింది. కూతురంటే ఎంత ప్రేమో అని ముచ్చట కూడా వేసింది.

పెళ్ళికి జార్జియా వెళ్ళమని చెప్పాను. అమెరికాలో ఉన్నది కాదు, రష్యా కింద ఉన్న చిన్న దేశం. మన దగ్గర స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేసుకోవాలంటే నెల ముందు పేర్లు నోటీసు బోర్డు మీద పెడతారు, ఊరంతా చూస్తుంది. అక్కడ పాస్‌పోర్టులూ ఇద్దరు సాక్షులూ ఉంటే చాలు. ఆ సర్టిఫికెట్ మీద అపోస్టిల్ అనే ముద్ర వేయిస్తాం, కాగితం అసలుదేనని బయటి దేశాలు ఒప్పుకోవడానికి. చుట్టాలెవరూ లేకుండా ఏ కొండ దగ్గరో ఇద్దరే చేసుకునే ఇలాంటి పెళ్ళిని మా ట్రేడులో ఎలోప్‌మెంట్ ప్యాకేజీ అంటారు.

హోటల్ ఆయనే ఎంచారు. కిటికీ తెరిస్తే మంచుకొండ కనిపించాలన్నారు. పిల్లకి చలి పడదు, హీటర్ ఉందో లేదో కనుక్కోమన్నారు. పెరుగన్నం దొరుకుతుందా అన్నారు. షరతు ఒక్కటే, శ్రీను తల్లికి తెలియకూడదు. ఆవిడకి తెలిస్తే తీరమంతా తెలిసిపోతుందట. పిల్లలిద్దరూ నా ఎదురుగానే సరేనన్నారు. కంపెనీ పని మీద వెళ్తున్నానని తల్లికి చెప్పి, అవసరమైతే అడగమని నా ఆఫీసు అడ్రసూ నంబరూ ఇచ్చి వెళ్ళాడు శ్రీను.

వాళ్ళు విమానమెక్కిన కొద్దిరోజులకే, మిట్టమధ్యాహ్నం, ఒకావిడ ఆఫీసు గుమ్మం బయట చెప్పులు విప్పి నిలబడింది. నుదుటి మీద బొప్పి కట్టి ఉంది. పేరు నూకరత్నమని, శ్రీను వాళ్ళమ్మనని చెప్పింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మాయి బాగుందాండి?" అదీ ఆవిడ అడిగిన మొదటి మాట.

తరవాత ఒక్కొక్కటే చెప్పింది. భాస్కరరావు గారు రెండు కార్లనిండా మనుషుల్ని వేసుకుని వాళ్ళ ఊరు వెళ్ళారు. నీ కొడుకు నా కూతుర్ని ఎత్తుకుపోయాడని ఇంటి ముందు కేకలు. వెంట వచ్చినవాళ్ళు ఇసుకలో ఆరబెట్టిన చేపల్ని తొక్కేశారు, తడికలు విరగ్గొట్టారు. ఒకడు తోస్తే ఆవిడ తల గుంజకి కొట్టుకుంది. ఊరి పెద్దలు బెదిరిపోయి, ఆ పిల్లని తెచ్చి అప్పగించేదాకా ఒడ్డున చేపలు ఆరబెట్టొద్దని ఈవిడకే చెప్పారు. అంటే ఆవిడ నోటి దగ్గర కూడు తీసేశారు.

"ఆయన కాళ్ళు పట్టుకున్నానండి. ఆడపిల్ల తండ్రి కదండి, ఎంత కుమిలిపోతున్నారో. మావోడిది తప్పేనండి," అంది.

హీటర్ ఉందా, పెరుగన్నం ఉందా అని అడిగిన పెద్దమనిషి కాళ్ళండి ఆవిడ పట్టుకున్నది. నా రక్తం ఉడికిపోయింది.

ఒక కస్టమరు సంగతి ఇంకొకరికి చెప్పకపోవడం మా వృత్తిలో మొదటి పాఠం. ఆవిడకి మంచినీళ్ళిచ్చి, పక్క గదిలోకి వెళ్ళి ఆయనకి ఫోన్ చేశాను.

"అదంతా ఉత్తుత్తి తంతండి. చెయ్యకపోతే నన్ను అనుమానించరూ? నాలుగు నెలలు పోయాక ఇద్దర్నీ కోరుకొండ గుడి మెట్లెక్కించి, స్వామి సన్నిధిలో అందరి ముందూ క్షమించేస్తాను. ఆవిడకి ఓ మంచి చీర పెడదాం," అన్నారు తాపీగా.

"క్షమించడానికి మీరెవరండి?" అన్నాను. ఇంకా నోటికొచ్చినవన్నీ అన్నాను. మీ పరువు కోసం ఆవిడ పరువు తీస్తారా, సిగ్గు లేదా అని అడిగాను. ఈ సంగతి బయటికి పొక్కితే మా వైపు నుంచి ఒక్కడూ మీ ఆఫీసు గడప తొక్కడని ఆయన బెదిరించారు. ఫోను పెట్టేశాను.

మొదటి పాఠాన్ని గోదాట్లో కలిపి, ఆవిడ పక్కన కూర్చుని జార్జియాకి వీడియో కాల్ చేశాను. తెర మీద తెల్లటి కొండ, దాని ముందు పట్టుచీర మీద స్వెట్టరు వేసుకున్న హారిక, పక్కన శ్రీను. పెళ్ళయిపోయింది. తల్లి నుదురు చూడగానే ఆ దెబ్బేంటని అడిగాడు శ్రీను. జరిగిందంతా నేనే చెప్పాను, టిక్కెట్లు ఎవరు తీయించారో కూడా, ఆవిడ వింటుండగానే.

"ఆయనకి ముందే తెలుసాండి?" అంది నూకరత్నం గారు. తిట్టినా, ఏడ్చినా నాకు బాగుండేది.

మిగతా రోజులు రద్దు చేయమంది హారిక. వచ్చి పుట్టింటికి వెళ్ళలేదు, శ్రీనుతో కలిసి తిన్నగా అత్తగారి ఊరు వెళ్ళింది. బుకింగ్ చేసిన మనిషి సాక్ష్యం కావాలని నేనూ వెళ్ళాను. ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి, తండ్రికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"నాన్నా, మా గదికి హీటర్ ఉందా అని అడిగింది నువ్వేగా. ఇక్కడికొచ్చి ఆ మాట చెప్పు. అత్తయ్య కాళ్ళు పట్టుకోమనడం లేదు. నిజం చెప్పు, చాలు."

అవతల ఫోను కట్టయింది. మళ్ళీ చేస్తే స్విచ్ఛాఫ్.

"చూశారుగా. మేం లేచిపోలేదండి. పారిపోయింది మా నాన్న," అంది హారిక.

పెద్దల్లో ఒకాయన లేచి, రేపట్నుంచి ఒడ్డుకి రావచ్చని నూకరత్నం గారితో అన్నాడు. తప్పయిందని మాత్రం ఎవరి నోటి నుంచీ రాలేదు. ఆవిడ పట్టించుకోకుండా విరిగిన తడికలు ఏరుకోసాగింది. కోడలు కొంగు దోపుకుని పక్కన వంగింది.

కోరుకొండ మీద క్షమాపణల పండగ జరగలేదు. భాస్కరరావు గారి వైపు కస్టమర్లు నిజంగానే మానేశారు. మానేస్తే పీడా పోయింది. ఇప్పుడు ఎవరైనా నా ముందు కూర్చుని మంచుకొండల్లో పెళ్ళి అంటే, పాస్‌పోర్టు అడిగే ముందు ఇంకోటి అడుగుతాను. మీరక్కడ దండలు మార్చుకుంటుంటే ఇక్కడ ఎవరింటి మీదకి మనుషులు వెళ్తారు? దానికి జవాబు లేనివాళ్ళకి నా దగ్గర టిక్కెట్టు లేదు.