ముదీర్ ఇచ్చిన క్యాసెట్

దుబాయ్‌లో రేవు కట్టే పనిలో నేను ఎలక్ట్రీషియన్‌ని. మా సైటు ముదీర్, అంటే మేనేజరు, అమెరికావాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, కోపం ముక్కు మీదే ఉండేది. అతని రేకుల ఆఫీసులో ఏసీ రోజు విడిచి రోజు మొరాయించేది కాబట్టి నేను ఎక్కువగా అక్కడే ఉండేవాణ్ణి. నా ఐటీఐ ఇంగ్లీషు, అతని సైటు హిందీ కలిపి మాట్లాడుకునేవాళ్లం.

అతనికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు వియత్నాం యుద్ధానికి వెళ్లి, జెండా కప్పిన పెట్టెలో తిరిగొచ్చాడు. చిన్నవాడు పటాలంలో చేరమని పిలుపు రాగానే సరిహద్దు దాటి కెనడా పారిపోయాడు. పెద్దవాడి చావుకు పరామర్శకొచ్చిన వాళ్లే చిన్నవాణ్ణి పిరికివాడన్నారట. యుద్ధం వద్దని ఊరేగిన కాలేజీ పిల్లలేమో పెద్దవాణ్ణి హంతకుడన్నారట. చర్చిలో పక్క బెంచీవాళ్లు పలకరించడం మానేశారు. ఎన్నికలొస్తే అతనూ భార్యా చెరో పార్టీకి ఓటేసి, ఒకే ఇంట్లో మాటలు కూడా మానుకున్నారు. ఆ దిగులుతోనే అతని భార్య మంచం పట్టి పోయింది. చిన్నవాడికి అతను కబురు కూడా పెట్టలేదు. మేమంతా కూటికోసం వచ్చినవాళ్లం. ఊళ్లో ముఖం చెల్లక దుబాయ్ వచ్చినవాణ్ణి నేను అతన్నొక్కణ్ణే చూశాను.

డెబ్బై ఏడులో అమెరికాలో కొత్త ప్రెసిడెంటు గద్దెనెక్కిన మర్నాడే, పారిపోయిన కుర్రాళ్లకు క్షమాభిక్ష పెట్టాడు. ముదీర్ ఆ పేపరును ఉండచుట్టి గోడకేసి కొట్టాడు. "వెళ్లనివాణ్ణి క్షమించారు. మరి వెళ్లినవాడికి ఏమిస్తారు?" అన్నాడు. నేను మాత్రం లోలోపల సంతోషపడ్డాను, ఇక ఆ పిల్లవాడు ఇంటికొస్తాడని. ఇల్లలకగానే పండగ కాదన్న సంగతి నాకు తట్టలేదు.

కొన్ని నెలలకు కెనడా నుంచి ఒక పాకెట్ వచ్చింది. లోపల క్యాసెట్. కొడుకు అడ్రసున్న కవరును ముక్కలుగా చింపి బుట్టలో పడేశాడు. క్యాసెట్‌ను కాసేపు అటూ ఇటూ తిప్పి నా చేతిలో పెట్టాడు. మీవాళ్లు వీటితోనే కదా ఇంటికి కబుర్లు పంపుకుంటారు, వాడుకో అన్నాడు.

అది నిజమే. క్యాంపులో చదువొచ్చినవాళ్లు, రానివాళ్లు అందరం క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి పోయేవాళ్ల చేత పంపేవాళ్లం. నా భార్య పక్కింటి టేప్‌రికార్డర్‌లో విని, అదే క్యాసెట్ మీద తన జవాబు నింపి, వచ్చేవాళ్ల చేత పంపేది. నా గొంతు చెరిపి ఆమె గొంతు, ఆమెది చెరిపి నాది. ఒక్క క్యాసెట్ ఐదారుసార్లు తిరిగేది. అందులో తప్పుందని ఎవరికీ తోచేది కాదు.

శుక్రవారం, నా మాటలు నింపే ముందు టేపు బాగుందో లేదోనని కొంచెం వేసి విన్నాను. కుర్రవాడి గొంతు. గబగబా మాట్లాడుతున్నాడు, "డాడ్" అన్న ఒక్క మాటే తెలిసింది. వెనక పసిబిడ్డ ఏడుపు. ఆపేశాను. తీసుకెళ్లి ఇచ్చేద్దామా అనిపించింది. కానీ మా ఊరివాడు ఆ సాయంత్రమే బయల్దేరుతున్నాడు, నా దగ్గర ఇంకో క్యాసెట్ లేదు. ఆయనే ఇచ్చాడు కదా అని మనసుకు సర్దిచెప్పుకొని ఎర్ర మీట నొక్కాను. రెండు వైపులా నింపాను.

మూడు నెలలు పోయాక ముదీర్ కబురంపాడు. ఏసీ మాటెత్తలేదు. "ఆ క్యాసెట్ నీ దగ్గరుందా?" అన్నాడు.

జరిగింది చెప్పాను. అతను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అప్పటికి నా భార్య జవాబు కూడా దాని మీదే వచ్చేసింది. అయినా తెమ్మన్నాడు, మధ్యలో ఎక్కడైనా కొంచెం మిగిలి ఉండొచ్చని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలిసినా తెచ్చి వేశాను. "నువ్వు పైలంగుండు. బర్రె ఈనింది, దూడ మంచిగున్నది" అంటూ నా భార్య మొదలుపెట్టింది. ముందుకు జరపబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. టేప్‌రికార్డర్ మీదికి వంగి, మా వానలూ మా పొలమూ మా అత్తగారి మోకాళ్ల నొప్పులూ అన్నీ విన్నాడు. రెండు వైపులా అయిపోయాయి. ఆ గొంతు ఎక్కడా లేదు.

"చెరిపేముందు నువ్వు విన్నావా?"

కొంచెం విన్నానన్నాను. వెనక పసిబిడ్డ ఏడ్చిందని చెప్పాను. అతను కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆడపిల్లా, మగపిల్లాడా?" అని అడిగాడు.

ఏడుపును బట్టి ఎవరు చెప్పగలరు? తెలియదన్నాను. ఇన్నేళ్లయినా ఆ మాట నన్ను వదల్లేదు. అబద్ధమైనా సరే, ఆ ముసలివాడికి ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది.