రెండు పాయింట్ల తేడాతో ఓడిన ఆదివారం

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేమున్న అపార్ట్‌మెంట్‌లో మా ఎదురు తలుపు ఒక ఐరిష్ పెద్దాయనది. కుర్రతనంలో ఈ దేశం వచ్చి, కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. మా పరిచయం మెట్లమీద "హలో", "ఈవేళ చలి ఎక్కువగా ఉంది" అనుకోవడం దగ్గరే ఆగిపోయి ఉండేది. 2014 జనవరిలో నేను పార్కింగ్ లాట్‌లో మంచుమీద జారి కాలు విరగ్గొట్టుకున్నాక అదంతా మారిపోయింది.

పడిపోయిన నన్ను మొదట చూసింది ఆయనే. అంబులెన్స్ వచ్చేదాకా తన కోటు నామీద కప్పి, తను ఉత్త స్వెటర్‌తో ఆ చలిలో నిలబడి, నన్ను మాటల్లో పెడుతూనే ఉన్నాడు. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక అసలు ఇబ్బంది మొదలైంది. నా భార్యది హాస్పిటల్ ల్యాబ్‌లో షిఫ్టుల ఉద్యోగం. మా దగ్గర కొన్నాళ్ళు ఉండి వెళ్దామని తెనాలి నుంచి వచ్చిన మా అమ్మకి డ్రైవింగూ రాదు, ఇంగ్లీషూ రాదు. డాక్టర్ దగ్గరికి, థెరపీకి ఎలా వెళ్ళడమా అని మేము తలపట్టుకుంటుంటే ఆయన తలుపు తట్టాడు.

"నాకు కారుంది. బోలెడంత ఖాళీ కూడా ఉంది" అన్నాడు. ఆ చలికాలమంతా నన్ను తీసుకెళ్ళి తీసుకొచ్చింది ఆయనే. నేను థ్యాంక్స్ చెప్పబోతే వాతావరణం గురించి మాట్లాడేవాడు.

ఆ కారు ప్రయాణాల్లోనే నాకు హర్లింగ్ అనే ఆట ఒకటుందని తెలిసింది. కర్రలతో, తోలు బంతితో ఆడే ఐర్లాండ్ ఆట. ఆయన ప్రాణమంతా వాళ్ళ కౌంటీ టీమ్ మీదే. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఎన్నో ఏళ్ళపాటు మ్యాచ్ రోజున అక్కడ వాళ్ళ చెల్లెలు ఫోన్ రిసీవర్ రేడియో దగ్గర పెట్టేదట. ఈయన ఇక్కడ ఆ కామెంటరీ విని, మ్యాచ్ అయ్యాక ఆటంతా ఆమెతో మళ్ళీ చెప్పుకునేవాడట. "ఈ చలికాలం మొదలవ్వకముందే ఆమె కన్నుమూసింది" అన్నాడు. తర్వాత, "వచ్చే ఆదివారం మా వాళ్ళకి మొదటి లీగ్ మ్యాచ్" అన్నాడు.

"ఇప్పుడు ఇంటర్నెట్‌లో చూడొచ్చు. మా ఇంటికి రండి, టీవీలో పెడతాను" అన్నాను. ఆయన నావైపు తిరిగి చూసిన చూపుకి, మనం రోడ్డుమీద ఉన్నామని గుర్తు చేయాల్సి వచ్చింది.

ఆదివారం పొద్దున్నే కోటు లోపల వెలిసిపోయిన టీమ్ జెర్సీ వేసుకుని వచ్చాడు. అమ్మ ఉప్మా పెట్టింది. నా కాలు స్టూలుమీద, లాప్‌టాప్ టీవీకి. అమ్మ చిక్కుడుకాయల గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఈనెలు తీస్తూ మాతోపాటు కూర్చుంది.

"ఒరేయ్, అవి కర్రలా? చివర అట్లకాడల్లా ఉన్నాయేంట్రా! వాటితో అంత జోరుగా కొట్టుకుంటే తలకాయలు పగలవూ?"

"హెల్మెట్లు ఉన్నాయిగా అమ్మా."

"మోకాళ్ళకి లేవుగా" అంది, నా కాలు వంక చూస్తూ.

ఆట మొదలైన కాసేపటికే ఘోరం జరిగింది. అక్కడ వాన, బురద. దూరం నుంచి వచ్చిన మామూలు బంతి ఆయన టీమ్ గోల్ కీపర్ చేతుల్లోంచి జారి వలలో పడింది. గోల్ స్తంభాల మధ్య అడ్డకడ్డీ పైనుంచి పోతే ఒక పాయింటు, వలలో పడితే మూడు. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు.

"కుర్రాడికి ఇదే మొదటి మ్యాచ్" అన్నాడు.

అది నేను తెలుగులో చెప్పగానే అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "అయ్యో తండ్రీ! వాణ్ణి తీసేస్తారేమో అడుగు."

అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "తీసెయ్యరు. అసలు పోటీలు వేసవిలో ఉంటాయి. ఈ లీగ్ పెట్టేదే కొత్తవాళ్ళని దించి చూడటానికి. తప్పులన్నీ చలికాలంలోనే చేసెయ్యాలి."

"మంచి పద్ధతే" అంది అమ్మ.

సగం ఆట అయ్యేసరికి వాళ్ళు తొమ్మిది పాయింట్లు వెనకబడ్డారు. విరామంలో అమ్మ ఆటగాళ్ళ జీతాలెంతో అడగమంది. జీతాలు లేవని, రేపు పొద్దున్నే వాళ్ళలో ఒకడు స్కూల్లో పాఠం చెప్పాలని, ఇంకొకడు ఆవుల పాలు తియ్యాలని ఆయన చెప్పాడు.

"ఊరికేనే ఈ బురదలో కొట్టుకు చస్తున్నారా!" అంది అమ్మ.

దాన్ని కొంచెం మర్యాదగా మార్చి చెప్పాను. అయినా ఆయనకి అసలు మాటే అందినట్టుంది, పగలబడి నవ్వాడు.

రెండో సగంలో గాలి వాళ్ళకి అనుకూలంగా తిరిగింది. ఒక్కో పాయింటూ వస్తోంది. అంతలో అవతలివాడొకడు ఒంటరిగా గోల్ ముందుకి దూసుకొచ్చి, నాలుగడుగుల దూరం నుంచి బలంగా కొట్టాడు. మా కుర్రాడు బంతికి అడ్డంగా పడ్డాడు. అది ఛాతీకి తగిలి కిందపడింది. పడ్డవాడు లేచి, బంతిని అందుకుని, మైదానం అవతలి సగంలోకి కొట్టాడు. అమ్మ చిక్కుడుకాయలు కార్పెట్ నిండా ఉన్నాయి. "శెభాష్ రా నాన్నా!" అని ఆవిడ, ఇంగ్లీషో ఐరిషో తెలియని భాషలో ఆయన, ఇద్దరూ లేచి నిలబడి అరుస్తున్నారు. మా కుర్రాడు అని నేనెప్పుడు అనుకోవడం మొదలుపెట్టానో నాకే తెలియదు.

చివరికి తేడా రెండు పాయింట్లకి వచ్చింది. ఆఖర్లో దక్కిన ఒక ఫ్రీ షాట్‌ను గెలుపు కోసం నేరుగా వలవైపే కొట్టారు. ఎవరి ఒంటికో తగిలి ఆగిపోయింది. విజిల్ వేశారు.

ఓదార్పుగా ఏమనాలా అని వెతుక్కుంటూ ఆయన వంక చూశాను. కళ్ళు తడిగా ఉన్నాయి, కానీ మొహం వెలిగిపోతోంది.

"చూశావా వాళ్ళని? పోయినేడు ఇదే టీమ్ చేతిలో చిత్తుగా ఓడి, సగంలోనే చేతులెత్తేశారు. ఈవేళ ఒక్కడైనా పరుగు ఆపాడా?"

అలవాటుకొద్దీ జేబులోంచి ఫోన్ తీశాడు. దానివంక ఒక క్షణం చూసి మళ్ళీ పెట్టేసుకున్నాడు. అమ్మకి నేను చెల్లెలి సంగతి చెప్పి ఉన్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి అల్లం టీ తెచ్చి, "తీసుకోండి అన్నయ్యగారూ" అని చేతికిచ్చి, పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన మ్యాచ్ మొత్తం మొదటినుంచీ ఆవిడకి చెప్పడం మొదలుపెట్టాడు, ఇంగ్లీషులో. "అవునవును, ఆ పొడుగ్గా ఉన్నవాడు బాగా ఆడాడు" అంటూ ఆవిడ తెలుగులో జవాబిచ్చింది. నన్ను ఇద్దరూ మర్చిపోయారు. నేను ఒక్క ముక్క కూడా తర్జుమా చేయలేదు.

మధ్యాహ్నం ఎండ కాసింది. ఆయన ఇంటికెళ్ళి తన పాత కర్ర, బంతి తెచ్చి అమ్మని కిందికి రమ్మన్నాడు. చీరమీద నా జాకెట్, కాళ్ళకి నా భార్య బూట్లు వేసుకుని ఆవిడ బయల్దేరింది. అది చూడకుండా ఉండలేక, నేనూ చంకకర్రలు తీసుకుని కింద బిల్డింగ్ గుమ్మం దాకా వెళ్ళాను. పడ్డ తర్వాత ఆ చోటంటే నాకు భయం. కానీ మా గుమ్మం ముందు నేలంతా మంచు కరిగేలా ఉప్పు చల్లి ఉంది, శుభ్రంగా ఉంది. రోజూ ఆ పని చేస్తున్నది అపార్ట్‌మెంట్ వాళ్ళు కాదని, ఆయనేనని, అమ్మ చెబితే నాకు ఆవేళే తెలిసింది. ఇంత జరుగుతుంటే, ఈ కాలు విరిగినందుకు నన్ను నేను దురదృష్టవంతుణ్ణని ఎలా అనుకున్నానో!

ఆయన బంతి మెల్లగా విసిరాడు. "చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడినదాన్నిరా, చూడు" అంటూ అమ్మ రెండు చేతులతో కర్ర ఊపింది. బంతి ఆయన తలమీదుగా వెళ్ళి, కార్ల వెనక పోగేసిన మంచుగుట్టలో దిగబడింది. ఆయన రెండు చేతులూ పైకెత్తి కేక పెట్టాడు.

"మంచు కరిగాక దొరుకుతుందిలే, వదిలెయ్యమను" అన్నాడు నాతో.

అమ్మ వినలేదు. అప్పటికే గుట్ట దగ్గర వంగి గ్లవ్స్‌తో తవ్వుతోంది. ఆయన కూడా వెళ్ళి పక్కనే మోకాళ్ళమీద కూర్చున్నాడు. నేను గుమ్మంలో ఒంటికాలిమీద నిలబడి, చంకకర్రతో చూపిస్తూ, "ఇంకొంచెం ఎడమకి, ఎడమకి" అని రెండు భాషల్లోనూ అరుస్తున్నాను.